కిస్తీ ఎవరు కట్టలేదో రాశాం, మాట ఎవరు మానేశారో రాయలేదు

ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల గ్రామైక్య సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, సంఘాల లెక్కలు రాసే వీఓఏలకు, మండల సమాఖ్యల పెద్దలకు:

అక్కలకు, చెల్లెళ్లకు, వదినలకు నమస్కారం.

నేను 31 ఏళ్లు ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. డిండి వాగుకు అవతల పాలమూరు వైపు పుట్టి, ఇవతల దేవరకొండ వైపు కోడలిగా వచ్చాను. ఊళ్లో నన్ను ఇప్పటికీ సిస్టరమ్మ అనే పిలుస్తారు. సంఘంలో మాత్రం మీలాగే ఒక సభ్యురాలిని, డ్వాక్రా రోజుల నుంచి పొదుపు కడుతున్నదానిని. ఇలాంటి ఉత్తరం ప్రభుత్వానికి కదా రాయాలి అని మా అమ్మాయి అడిగింది. ప్రభుత్వానికి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పబోయే తప్పు మనది. అందులో నేనూ ఉన్నాను. అందుకే మీకు రాస్తున్నాను.

పత్తి తీతలు ముగిసే రోజులు. సాయంత్రం ఏడు గంటలకు మేం తొమ్మిది మందిమి మా సంఘంలోని ఒక అమ్మాయి ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాం. ఆమెవి మూడు కిస్తీలు ఆగిపోయాయి. ఒక్కరు కట్టకపోయినా సంఘం మొత్తానికి కొత్త లోను కష్టం. ఎందుకు వెళ్లామో మీకు వివరించనక్కరలేదు, మీరూ వెళ్లే ఉంటారు. ఎవరం తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. డబ్బు ఇచ్చేదాకా లేవం అని చెప్పి కూర్చున్నాం, అంతే. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి అందరికీ వరసగా ఇచ్చింది. ఇంట్లో స్టీలు గ్లాసులు రెండే ఉన్నట్టున్నాయి, కడిగి కడిగి ఇచ్చింది. ఎదురింటివాళ్లు బయటికి వచ్చి నిలబడి చూశారు. అత్త గదిలోంచి కదల్లేదు. ఎనిమిదిన్నర దాటాక ఆమె లోపలికి వెళ్లి, నిద్రపోతున్న పెద్ద పాప కాళ్ల పట్టీలు విప్పి తెచ్చి మా అధ్యక్షురాలి చేతిలో పెట్టింది. మర్నాడు వాటిని తాకట్టు పెట్టి కిస్తీలు జమ చేశాం. తీర్మానం పుస్తకంలో ‘బకాయి వసూలైనది’ అని రాశాం. రాసింది నేనే, నా చేతిరాత బాగుంటుందని.

ఆ తర్వాత ఆమె సమావేశాలకు రాలేదు. కిస్తీ డబ్బు పాపతో పంపేది, సంతకం పక్కవాళ్లు పెట్టేవారు. (మీ ఊళ్లో అలా జరగదంటే సంతోషమే.) నా సబ్ సెంటర్‌కు మాత్రం మూడుసార్లు వచ్చింది. ఒకసారి కాళ్లు గుంజుతున్నాయని, ఒకసారి తల బరువుగా ఉంటోందని, ఇంకోసారి తెల్లబట్ట అవుతోందని. మూడుసార్లూ ఐరన్, కాల్షియం, బీ కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చి పంపాను. రిజిస్టరులో ‘బలహీనత’ అని రాశాను. నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, కొంగు అంచులోంచి దారాలు ఒక్కొక్కటే లాగుతూ ఉండేది. చూశాను. అడగలేదు. ఆమె వెనక టీకాల కోసం వచ్చిన పిల్లలు ఏడుస్తున్నారు, నాకు మధ్యాహ్నంలోగా పంపాల్సిన రిపోర్టు ఒకటి ఉంది.

ఆపైన ఆరేడు నెలలు ఆమె మంచం దిగలేదు. చిన్నవాళ్లిద్దరికీ జడలు తొమ్మిదేళ్ల పెద్ద పాపే వేసేది. గాలి సోకిందని ఒకరన్నారు, బాణామతి అని ఇంకొకరన్నారు. తాయెత్తులకు, మొక్కులకు, ఆర్ఎంపీ ఎక్కించిన గ్లూకోజు సీసాలకు అయిన ఖర్చు మేం వసూలు చేసిన మూడు కిస్తీలను దాటిపోయింది. చివరికి ఆమె అన్న వచ్చి పట్నం తీసుకువెళ్లి మానసిక వైద్యుడికి చూపించాడు. డిప్రెషన్ అన్నారు. మాత్రలు వాడింది, మెల్లగా లేచి తిరిగింది. ఇప్పుడు బాగానే ఉంది. సంఘంలో మాత్రం లేదు.

డిప్రెషన్ అనే మాట మన ఊళ్లకు కొత్తగానీ ఆ జబ్బు కొత్తది కాదు. మనం రంది అంటాం. ‘రంది పెట్టుకుంది’ అంటాం. ఆ మాటలోనే తప్పు ఆమెదే అన్న తీర్పు ఉంది, గమనించండి. పెట్టుకోవడానికి, తీసెయ్యడానికి అదేమైనా బొట్టా? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం మగవారికంటే ఆడవారిలో ఇది దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ఒంటి తత్వం, కాన్పులు, వంశం అన్నీ కొంత కారణమే, కాదనను. కానీ 31 ఏళ్లు ఇంటింటికీ తిరిగినదానిగా చెబుతున్నాను, ఏ ఇంటి కోడలు ఎందుకు కుంగిపోయిందో ఆ వీధి మొత్తానికి తెలిసే ఉంటుంది. తెలియనట్టు ఉండటం మన అలవాటు.

మా అమ్మాయి ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) చదివే రోజుల్లో ఒక పరిశోధన సంగతి చెప్పింది. లండన్‌లో కాంబర్‌వెల్ అనే పేట ఉంది. జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ అనే ఇద్దరు అక్కడి 458 మంది ఆడవాళ్లను కలిసి, వాళ్ల జీవితాల్లో ఏమేం జరిగిందో వివరంగా అడిగి, 1978లో ఫలితాలు ప్రచురించారు. డిప్రెషన్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అంతకుముందు ఏదో పెద్ద కష్టం ఎదురైంది. అయితే అలాంటి కష్టమే వచ్చినా చాలామంది తట్టుకుని నిలబడ్డారు. మరి పడిపోయినవాళ్లు ఎందుకు పడిపోయారు? వెతికితే నాలుగు సంగతులు కనిపించాయి. మనసు విప్పి చెప్పుకోగలిగిన మనిషి, భర్తే కానీ మరొకరే కానీ, లేకపోవడం. ఇంట్లో 14 ఏళ్ల లోపు పిల్లలు ముగ్గురో అంతకంటే ఎక్కువమందో ఉండటం. ఇల్లు దాటి వెళ్లి సంపాదించే పని లేకపోవడం. తనకు 11 ఏళ్లు నిండకముందే తల్లి చనిపోవడం.

లండన్ లెక్క తెచ్చి దేవరకొండ మీద పరిస్తే సరిపోదని నాకూ తెలుసు. పని సంగతే చూడండి. పత్తి తీతకు, మిరప కోతకు, నాట్లకు పోని ఆడది మన దగ్గర ఎక్కడుంది? పనికి కొరత లేదు, ఆ కూలి డబ్బు ఆమె చేతిలో ఆగకపోవడమే కొరత. పోచంపల్లి, పుట్టపాక వైపు మగ్గం ఇళ్లలో ఆసు పోసిన, అంటే నేతకు ముందు నూలు చుట్టి పెట్టిన ఆడవాళ్లకు తరతరాలుగా విడిగా కూలి అంటూ లేదు. చింతకింది మల్లేశం తల్లి పడే బాధ చూడలేక ఆసు యంత్రం తయారు చేశాడు, పద్మశ్రీ కూడా అందుకున్నాడు. భుజం నొప్పికి యంత్రం వచ్చింది, కూలి లెక్కకు ఇంకా రాలేదు.

తల్లి సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆ పరిశోధకులే తర్వాత మరింత లోతుగా చూస్తే, తల్లి చనిపోవడం కంటే, ఆ తర్వాత ఆ పిల్లను పట్టించుకునేవాళ్లు లేకపోవడమే ఎక్కువ దెబ్బ తీసిందని తేలింది. అది విన్నప్పుడు నాకు కోస్గి, నారాయణపేట వైపు ఊళ్లు గుర్తొచ్చాయి. కూలీలను వలస తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని అమ్మానాన్నలు బొంబాయి, పుణే బస్సు ఎక్కితే, ముసలమ్మ దగ్గర మిగిలిపోయిన ఆడపిల్లలు ఎందరో. తల్లి బతికే ఉంటుంది, పండక్కి వస్తుంది, ఫోనులో మాట్లాడుతుంది. జ్వరం వచ్చిన రాత్రి మాత్రం ఉండదు. 15 ఏళ్లకే పెళ్లి చేసి పంపిన పిల్లకూ అంతే. మేం ఎవరి అరుగు మీద కూర్చున్నామో ఆమె అలా వచ్చిన పిల్లే. పుట్టిల్లు 40 కిలోమీటర్ల దూరం. భర్త హైదరాబాదులో ఆటో నడుపుతూ నెలకోసారి వచ్చేవాడు. ముగ్గురూ ఆడపిల్లలు, పెద్దదానికి తొమ్మిదేళ్లు. కాంబర్‌వెల్ పేరు ఎన్నడూ వినని ఆ పిల్ల అక్కడివాళ్ల కష్టాల వంటివే మోస్తోంది. మనసు విప్పి చెప్పుకునే మనిషి దొరికే చోటు ఎక్కడైనా ఉందంటే అది సంఘమే.

ఆ సంఘం ఆమె అరుగు మీద కూర్చుంది.

1995లో బ్రౌన్, హారిస్ మరో సంగతి బయటపెట్టారు. అన్ని కష్టాలూ ఒకేలా కుంగదీయవు. ఏదైనా పోగొట్టుకోవడం ఒక ఎత్తు. దానికి పదిమందిలో తలవంపులు తోడైనా, ఇందులోంచి ఇక బయటపడే దారి లేదు అనిపించినా డిప్రెషన్ వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఇది చదివాక ఆ సాయంత్రాన్ని మళ్లీ తలచుకున్నాను. కిస్తీ కట్టలేకపోవడం కష్టం, అది ఎవరికైనా వస్తుంది. ఎదురింటివాళ్లు చూస్తుండగా నిద్రపోతున్న పిల్ల కాళ్ల పట్టీలు విప్పడం తలవంపు. అది మాత్రం దానంతట అది రాలేదు. మేం తీసుకువెళ్లాం.

పెద్దవాళ్లకు 2010 గుర్తుండే ఉంటుంది. మైక్రోఫైనాన్స్ కంపెనీల ఏజెంట్లు గుమ్మం ముందు కూర్చుంటే, ఊళ్లలో ఆత్మహత్యలు జరుగుతుంటే, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆ కంపెనీలను అదుపు చేసే ఆర్డినెన్సు తెచ్చింది. ఆడవాళ్ల పరువు తీసి అప్పు వసూలు చేస్తారా అని అప్పట్లో మనమే రోడ్డెక్కాం. ఏజెంటు కూర్చుంటే వేధింపు, మనం కూర్చుంటే ‘తోటి సభ్యుల ఒత్తిడి’. ఈ పదం ట్రైనింగులో నేర్పారు. పేరు బాగానే ఉంది. ఆ ఒత్తిడి తట్టుకోలేక ప్రైవేటు గ్రూపుల్లో వారం లోను తీసుకుని, దానితో సంఘం కిస్తీ కట్టి, ఆ లోను కట్టాల్సిన సోమవారం వస్తోందంటే కడుపులో దడ పుట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వసూళ్లు నూటికి నూరు అని మనం చప్పట్లు కొట్టుకునే లెక్కలో ఆ దడ కూడా కలిసే ఉంది.

బయటపడే దారి లేదు అనిపించడం గురించి ఎక్కువ చెప్పను, మీ కళ్ల ముందే ఉంటుంది. తొమ్మిది వందల అడుగులు దించినా నీళ్లు పడని బోర్లు, ఎండిపోయిన బత్తాయి తోటలు. అప్పులకు భర్త ప్రాణం తీసుకున్న ఇంట్లో పట్టా ఆయన పేరున ఉంటే రైతు బీమా ఐదు లక్షలైనా వస్తుంది, కౌలు చేను అయితే అదీ లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడుతో నడుం వంగిపోయిన మామను, భర్తను ఏళ్ల తరబడి ఎత్తి దించుతున్న కోడళ్లు. ఎముకలు వంగినవాళ్ల ఫొటోలు పేపర్లలో వచ్చాయి, ఎత్తి దించినవాళ్ల ఫొటో నేను ఒక్కటీ చూడలేదు. ఇక బెల్టు షాపు సంగతి మీకు నేను చెప్పాలా?

సంఘాలను తిడుతున్నానని అనుకోకండి. నా మొదటి బ్యాంకు పుస్తకం సంఘం వల్లే వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి 1993లో సారాను బంద్ చేయించింది. ఎవరో చెబితే చేశారా? ఇంట్లో తన్నులు తిన్న ఆడవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంతో అది మొదలైంది. కిస్తీ లెక్కలు చూసుకునే తొందరలో ఆ మాట్లాడుకోవడమే మనకు తగ్గిపోయింది. సంఘం నడపడానికి నేర్పిన పంచసూత్రాలు నిద్రలో లేపి అడిగినా చెబుతాం. తర్వాత దశసూత్రాలు అన్నారు, అందులో ఆరోగ్యం ఉంది. మన సమావేశంలో ఆరోగ్యం గురించి చివరిసారి ఎప్పుడు మాట్లాడాం, ఎంతసేపు మాట్లాడాం?

ఆ పని ఆరోగ్య శాఖది కదా అంటారు. సరే, అదీ చెబుతాను. 30 దాటినవాళ్ల కోసం ఆశాలు నింపే పత్రంలో మనసుకు సంబంధించిన ప్రశ్నలు రెండు ఉన్నాయి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా, దిగులుగా నిరాశగా అనిపించిందా అని. మంచి ప్రశ్నలే. కానీ గుమ్మంలో నిలబడి, అత్త వింటుండగా అడిగితే ఏ కోడలు అవును అంటుంది? పైగా 30 నిండని బాలింతలకు ఆ పత్రమే లేదు. ప్రమాదం ఎక్కువగా ఉండేది అక్కడే. గోవాలో ఆసుపత్రికి వచ్చిన తల్లులను మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్, ఆయన తోటివాళ్లు పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించారు. కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో 23 శాతం మందిలో డిప్రెషన్ కనిపించింది. పేదరికం, భర్త కొట్టడం, పుట్టింది ఆడపిల్ల కావడం కారణాల్లో ఉన్నాయి. ఆడపిల్లల అమ్మకాల వార్తలతో ఒకప్పుడు దేశమంతా పేరు మోసిన దేవరకొండలో ఉంటూ, ఆ ఫలితాలు చదివి మనం ఆశ్చర్యపోనక్కరలేదు. మూడోసారీ ఆడపిల్ల పుట్టిన ఇంట్లో పురుడు ఎలా జరుగుతుందో నేను చూశాను. నీళ్లు కాచేవాళ్లు కూడా మాట్లాడరు.

మరి ఏం చేయగలం? పెద్ద చదువులు అక్కరలేదు. మన పొరుగు దేశంలో రావల్పిండి దగ్గరి పల్లెల్లో, మన ఆశాల వంటి ఆరోగ్య కార్యకర్తలకు కొద్ది రోజులు శిక్షణ ఇచ్చారు. గర్భిణుల నుంచి బాలింతల దాకా ఇంటికి వెళ్లి మాట్లాడటం, ఆలోచనల ముడి విప్పడం వాళ్ల పని. 2008లో ఫలితాలు వచ్చాయి. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి, ఆ సాయం అందని తల్లుల్లో 53 శాతం మంది ఇంకా డిప్రెషన్‌లోనే ఉన్నారు, అందినవారిలో 23 శాతం. లండన్‌లో హారిస్, బ్రౌన్ ఇంకా తేలిక పని చేసి చూశారు. చాలాకాలంగా కుంగిపోయి ఉన్న ఆడవాళ్ల దగ్గరికి మామూలు ఆడవాళ్లు వెళ్లి క్రమం తప్పకుండా స్నేహంగా కూర్చున్నారు. ఏడాది తర్వాత అలా తోడు దొరికినవారిలో 65 శాతం మంది కోలుకున్నారు, దొరకనివారిలో 39 శాతం. ఇది 1999లో ప్రచురించారు. టీ తాగుతూ మాట్లాడటం మనకు ఎవరో నేర్పాలా?

అందుకని మిమ్మల్ని అడిగేది ముందు ఒక్కటి. మీ సంఘంలో ఇకనుంచి ఎవరి గుమ్మంలోనూ గుంపుగా కూర్చోబోమని తీర్మానం రాయండి. కిస్తీ ఆగితే తొమ్మిది మంది కాదు, ఆమెకు దగ్గరైన ఇద్దరు పగటిపూట వెళ్లండి. డబ్బు అడిగేముందు ఏం జరిగిందో అడగండి. మూడు నెలలు గడువు ఇవ్వడానికి సంఘం సొంత నిధి ఉంది కదా, దసరాకు చీరలు కొనడానికేనా అది?

రెండోది కొంచెం కష్టం. సమావేశంలో పదిమంది ముందు ఎవరూ మనసు విప్పరు. ‘బాధ ఉన్నవాళ్లు చెప్పండి’ అని అడగకండి, నవ్వులపాలవుతుంది. నోరు జాగ్రత్త ఉన్న పెద్దామెను ఒకరిని చూసుకోండి, ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ఎవరు రెండు సమావేశాలు వరసగా రాలేదో, ఎవరు వచ్చినా మాట్లాడటం మానేశారో ఆమె గమనించాలి, వెళ్లి కూర్చోవాలి, విన్నది అక్కడే వదిలేయాలి. ఇంటికొకరే సభ్యురాలు అన్న మన ఆనవాయితీ వల్ల చాలా ఇళ్లలో అత్త సంఘంలో ఉంటుంది, కోడలు బయట ఉంటుంది. ఆ పెద్దామె ముందుగా ఆ కోడళ్లను చూడాలి. ఇక దయచేసి దీన్ని టార్గెట్ చేయకండి. మండలంలో సంఘాల పని చూసే ఏపీఎం మేడమ్‌లకు కూడా ఇదే విన్నపం. ‘ఈ నెల ఎంతమందిని ఓదార్చారు’ అని వాట్సాప్‌లో పట్టిక అడిగిన రోజున ఈ పని చచ్చిపోతుంది.

మాటతో అన్నీ నయం కావు. అన్నం సయించక, నిద్ర లేక రెండు వారాలు దాటితే, బతకాలని లేదు అన్న మాట ఒక్కసారి వినిపించినా, తాయెత్తు దగ్గర ఆగకండి, గ్లూకోజు సీసా దగ్గరా ఆగకండి. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. ఈ జబ్బు చూపించుకోవడానికి హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా వెళ్లనక్కరలేదు, ‘ఎర్రగడ్డ కేసు’ అన్న ఎగతాళి ఇక మానేయండి. ఫోను అయితే 14416, ప్రభుత్వం నడిపే టెలీ మానస్. ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు పడదు. 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, డిప్రెషన్ ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో మనది లేదు, ఉంటే లెక్క మెరుగ్గా వచ్చేదని నేను అనుకోను.

ఈ ఉత్తరం రాసేముందు ఆమె ఇంటికి వెళ్లి అడిగాను. అప్పుడు అరుగు మీద కూర్చున్నదాన్ని, ఈసారి లోపలికి రమ్మంటే వెళ్లాను. రాయండి అక్కా, పేరు మాత్రం వద్దు అంది. ఆ రోజు మేం వచ్చినందుకు కోపం ఉందా అని అడిగాను. అప్పు తీరిపోయింది కదా అంది. పట్టీలు విడిపించుకున్నారా అని అడగాలనుకుని అడగలేకపోయాను. పెద్ద పాప టీ తెచ్చి ఇచ్చింది, పదో తరగతికి వచ్చిందట. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే ఆమె గడపలో నిలబడి, మీటింగు ఇప్పుడు కూడా వేపచెట్టు కిందే పెడుతున్నారా అని అడిగింది. అక్కడే, ప్రతి నెలా పదో తారీఖు, అని చెప్పాను. ఇంకేమీ అనలేదు.

మీ సభ్యురాలు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
దేవరకొండ డివిజన్, నల్గొండ జిల్లా